బ్రష్ గీతలు కనపడకుండా ప్లాస్టిక్ మోడల్‌కి రంగు వేయడం ఎలా

బ్రష్‌తో మోడల్‌కి రంగు వేసినవాళ్లందరికీ ఈ క్షణం తెలిసే ఉంటుంది. విమానం రెక్క మీద రంగు వేయడం అయిపోయింది. ఒక మూల కాస్త పల్చగా కనపడుతోంది. బ్రష్ ఇంకా చేతిలోనే ఉంది. ఒక్కసారి అలా అంటే సరిపోతుందిలే అని మళ్లీ ఆనిస్తాం. అప్పటికే పైన సన్నగా పొర కట్టిన రంగు, కాచిన పాల మీది మీగడలా ముడతపడి బ్రష్ వెంట వచ్చేస్తుంది. దాన్ని సర్దబోతే పక్కది లేస్తుంది. పది నిమిషాలయ్యాక చూస్తే రెక్క దున్నిన పొలంలా ఉంటుంది.

నేను మొదట్లో పాడుచేసిన మోడళ్లు దాదాపు అన్నీ ఇలా పాడైనవే. తప్పు బ్రష్‌ది అనుకున్నాను, తర్వాత రంగుది అనుకున్నాను, చివరికి ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగు చిమ్మే పరికరం) లేకపోవడమే లోపం అనుకున్నాను. అసలు సంగతి తెలియడానికి చాలా రోజులు పట్టింది. తడి రంగు తనంతట తానే చదునవుతుంది. తలతన్యత దాన్ని లాగి సమం చేస్తుంది, బ్రష్ వెంట్రుకలు వదిలిన చాళ్లు పూడుకుపోతాయి. అందుకు దానికి కావలసినవి రెండే: ఆరేలోపు కాస్త వ్యవధి, మన చెయ్యి అడ్డు రాకుండా ఉండటం. రంగును పల్చన చేయడం, పెద్ద బ్రష్ వాడటం, ఆరడాన్ని నెమ్మదించే రిటార్డర్ కలపడం, కోటుకీ కోటుకీ మధ్య ఆగడం, ఇవన్నీ ఆ రెండింటి కోసం పడే పాట్లే.

ఎంత నునుపు కావాలన్నదానికీ ఒక లెక్క ఉంది. 1/72 స్కేలులో, అంటే అసలుదానికి 72వ వంతు సైజులో, 0.1 మి.మీ. ఎత్తున్న బ్రష్ గీత, అసలు విమానం మీద 7.2 మి.మీ. గట్టుతో సమానం. రంగు అంత గట్టు కట్టిన విమానం ఎక్కడా ఉండదు, అందుకే మన కన్ను వెంటనే పట్టేస్తుంది. 1/35 ట్యాంకు మీద అదే గీత 3.5 మి.మీ. అవుతుంది. పైగా ట్యాంకు మీద దుమ్ము, బురద, తుప్పు ఎలాగూ వేస్తాం కాబట్టి చాలా తప్పులు వాటి కింద దాక్కుంటాయి. బ్రష్ పని కొత్తగా నేర్చుకునేవాళ్లు ట్యాంకుతో మొదలుపెడితే ధైర్యం నిలబడుతుంది. నిగనిగలాడే కారు బాడీ జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. అన్నిటికన్నా కష్టమైన పని అది.

ముందు మీ దగ్గరున్నది ఏ రకం రంగో చూసుకోండి

ఒక రంగుకి పనికొచ్చే సలహా ఇంకో రంగుని పాడుచేస్తుంది. చాలా సీసాల మీద అక్రిలిక్ అనే రాసి ఉంటుంది కానీ అవన్నీ ఒకటి కావు.

వయేహో మోడల్ కలర్, సిటడెల్ లాంటివి నీళ్లతో పల్చనయ్యే అక్రిలిక్‌లు. బ్రష్‌ని దృష్టిలో పెట్టుకుని తయారైనవి. వాసన తక్కువ, త్వరగా ఆరతాయి, ఆరాక మీద ఇంకో కోటు వేస్తే కింది కోటు కరగదు. వీటి బలహీనత పట్టు. ప్రైమర్ (రంగు పట్టడానికి ముందుగా వేసే అడుగు పూత) లేకుండా నేరుగా ప్లాస్టిక్ మీద వేస్తే గోరుతో గీరినా లేచొస్తాయి.

తమియా ఎక్స్, ఎక్స్ఎఫ్ రంగులు, మిస్టర్ హాబీ ఆక్వియస్ కూడా అక్రిలిక్‌లే. కానీ వీటిలో ఆల్కహాల్ జాతి ద్రావకాలు ఉంటాయి. తమియా ఎయిర్‌బ్రష్‌లో అద్భుతంగా పనిచేస్తుంది, బ్రష్‌తో వేస్తే ఏడిపిస్తుంది. చూస్తుండగానే ఆరిపోతుంది. రెండో కోటులోని ద్రావకం మొదటి కోటుని మెత్తబరుస్తుంది. నేనైతే బ్రష్ పనికి దీన్ని ఎంచుకోను. మీ దగ్గర ఉన్నది అదే అయితే మాత్రం ఒక దారి ఉంది. వాళ్ల ఎక్స్-20ఎ థిన్నర్‌తో పల్చన చేసి, వాళ్ల అక్రిలిక్ రిటార్డర్ కొద్దిగా కలపండి. రిటార్డర్ మొత్తం రంగులో 10 శాతం దాటకూడదు. ఇక రెండో కోటు మర్నాడే.

హంబ్రోల్, రెవెల్ డబ్బాల్లో వచ్చే ఎనామెల్ నూనె రంగు. నిదానంగా ఆరుతుంది, కాబట్టి బాగా చదునవుతుంది. పెద్ద పెద్ద రెక్కల మీద నునుపు కావాలంటే నేను ఇప్పటికీ ఎనామెల్ మూతే తీస్తాను. కోటుకీ కోటుకీ మధ్య ఒక రోజు ఆగాలి, నిగనిగలాడే రకమైతే ఇంకా ఎక్కువ. దాన్ని పల్చన చేసే వైట్ స్పిరిట్ వాసన భరించాలి, కిటికీ తెరిచి ఉంచాలి. డబ్బా అడుగున పేరుకున్న రంగుని కనీసం రెండు మూడు నిమిషాలు కలపాలి. టూత్‌పిక్‌తో ఆ పని కాదు. కిట్‌లో మిగిలిన స్ప్రూ (మోడల్ ముక్కల్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) ముక్క చివర చదునుగా కోస్తే మంచి కలపుడు పుల్ల అవుతుంది.

మిస్టర్ కలర్ లాంటి లక్కర్ రంగులు కూడా ఉన్నాయి. ఇవి ఘాటైనవి, కింది పొరని కరిగిస్తాయి. బ్రష్ మీద చెయ్యి కుదిరాక చూసుకోవచ్చు.

ప్లాస్టిక్ కడగడం, అంటించిన చోట నున్నన చేయడం

అచ్చులోంచి ముక్క సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు పదార్థం కొన్ని కిట్‌ల మీద మిగిలిపోతుంది. దాని మీద రంగు నిలవదు, తామరాకు మీద నీటిబొట్టులా ముడుచుకుంటుంది. స్ప్రూలు ఇంకా కోయకముందే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి, పాత టూత్‌బ్రష్‌తో మెల్లగా రుద్ది కడగండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే సన్నటి ముక్కలు వంగిపోతాయి. గుడ్డతో తుడవకుండా వాటంతట అవే ఆరనివ్వండి. గుడ్డ నూగు వదులుతుంది.

అతికించాక కీళ్ల దగ్గర పుట్టీ నింపి అరగదీస్తాం కదా, చాలామంది 400 నంబరు గరుకు కాగితంతో ఆపేస్తారు. ప్లాస్టిక్ మీద కంటికి ఆనని ఆ గీతలు రంగు పడ్డాక బయటపడతాయి. మనం బ్రష్ గీతలు అనుకుని తిట్టుకునేవాటిలో కొన్ని నిజానికి ఈ గరుకు గీతలే. 400 తర్వాత 600, ఆపైన 1000, నీళ్లతో తడిపి. ఆ తర్వాత మోడల్‌ని వట్టి వేళ్లతో పట్టుకోవడం తగ్గించండి, వేలి జిడ్డు కూడా జిడ్డే. కనపడని చోట రంధ్రంలో ఒక పుల్ల దూర్చి, దాన్ని పిడిలా పట్టుకుంటే రంగు ఆరేదాకా ముట్టుకోనక్కర్లేదు.

ప్రైమర్

మిగతా రంగంతా బ్రష్‌తోనే వేసినా, ప్రైమర్ మాత్రం స్ప్రే డబ్బాతో కొట్టుకోండి. పైన నునుపు రావాలంటే కింద నునుపు ఉండాలి, దానికి ఇదే తేలికైన దారి. 20 సెం.మీ. దూరం నుంచి, చెయ్యి కదిలిస్తూ, రెండు మూడు పల్చటి పొరలు. స్ప్రేని మోడల్ బయట మొదలుపెట్టి మోడల్ బయటే ఆపాలి. గాలిలో తేమ బాగా ఉన్న రోజున వద్దు, పొర తెల్లబారుతుంది. పని ఆరుబయటో, గాలి బాగా ఆడే చోటో, ముఖానికి మాస్కుతో.

స్ప్రే కొట్టే వీలు లేకపోతే బ్రష్‌తో వేసుకునే ప్రైమర్‌లూ ఉన్నాయి. వయేహో సర్ఫేస్ ప్రైమర్ అలాంటిదే. ఒక్క మందపాటి కోటు కాకుండా రెండు పల్చటి కోట్లు వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు కూడా అరగదీయడంలో జాగ్రత్త, సాగే గుణం ఉన్న పొర కాబట్టి గట్టిగా రుద్దితే తోలులా లేస్తుంది.

చాలా రంగులకి బూడిద రంగు ప్రైమర్ చాలు. పసుపు, ఎరుపు, తెలుపు వేసేచోట తెల్లది, లోహపు మెరుపు కావలసినచోట నల్లది.

బ్రష్ మీరు అనుకున్నదానికన్నా పెద్దదే కావాలి

కొత్తవాళ్లలో దాదాపు అందరూ చేసే పొరపాటు చిన్న బ్రష్ పట్టుకోవడం. మోడల్ చిన్నది, కాబట్టి బ్రష్ కూడా చిన్నది అనిపిస్తుంది. ఒకసారి లెక్క వేయండి. స్పిట్‌ఫైర్ అనే పాత బ్రిటిష్ యుద్ధవిమానం రెక్కల చివరి నుంచి చివరి దాకా అసలు వెడల్పు 11.23 మీటర్లు, 1/72 మోడల్‌లో అది 156 మి.మీ. బాడీకి ఆనుకున్న చోట రెక్క ముందు నుంచి వెనక్కి సుమారు 35 మి.మీ. ఉంటుంది. 10 మి.మీ. చదును బ్రష్‌తో నాలుగు వరసల్లో అయిపోతుంది. 2 మి.మీ. మొనదేలిన బ్రష్‌తో పదిహేడు పద్దెనిమిది వరసలు పడతాయి. పన్నెండో వరసకి వచ్చేసరికి మొదటిది ఆరిపోయి ఉంటుంది. ప్రతి వరసకీ రెండు అంచులు, ప్రతి అంచూ ఒక గట్టు. చెయ్యి ఎంత నేర్పుగలదైనా ఈ లెక్కని గెలవలేదు.

కాబట్టి రెక్కలకీ ట్యాంకు పలకలకీ 10 నుంచి 12 మి.మీ. చదును బ్రష్, ఇరుకైన చోట్లకి 6 మి.మీ.ది, కాక్‌పిట్ లాంటి చిన్న పనులకి 1 లేదా 2 నంబరు గుండ్రటిది. అక్రిలిక్‌కి మెత్తటి సింథటిక్ వెంట్రుకలు చక్కగా పనిచేస్తాయి. కొలిన్‌స్కీ సేబుల్ అనే జంతువు వెంట్రుకల బ్రష్ ఖరీదైనది, మొన పని దానిదే, కానీ రెక్క నునుపు కోసం దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. కొనేముందు వెంట్రుకల చివర చూడండి. అంచు కత్తిరించినట్టు సమంగా ఉండాలి. పక్కకి పొడుచుకొచ్చిన ఒక్క వెంట్రుక ప్రతి వరసలోనూ ఒక గీత గీస్తుంది.

కొత్త బ్రష్‌ని వేళ్ల మధ్య వంచి రెండు మూడుసార్లు లాగండి, ఊడేవి ఇప్పుడే ఊడతాయి. రంగులో ముంచే ముందు అక్రిలిక్‌కైతే నీళ్లలో, ఎనామెల్‌కైతే థిన్నర్‌లో తడిపి టిష్యూ మీద అద్దండి. పొడి బ్రష్ రంగుని పైదాకా పీల్చుకుంటుంది, అది వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు పట్టీ దగ్గర గట్టిపడి వెంట్రుకలు విచ్చుకుపోతాయి.

పల్చన చేయడం

సీసాలోంచి నేరుగా వేయకండి. నా లెక్కలో సగం బ్రష్ గీతలకి కారణం ఇదే. సీసాని నిమిషం పాటు బాగా ఊపండి (లోపల ఒక స్టెయిన్‌లెస్ స్టీల్ గోళీ వేసుకుంటే పని సులువు), తెల్లటి పింగాణీ పలక మీద కొంచెం పోసి అక్కడ కలుపుకోండి. వయేహో లాంటి రంగుకి రెండు చుక్కలకి ఒక చుక్క నీళ్లు లేదా వాళ్ల థిన్నర్‌తో మొదలుపెట్టవచ్చు. కానీ ఈ నిష్పత్తిని నమ్ముకోవద్దు. ఒకే కంపెనీలో కూడా ఒక రంగు చిక్కగా, ఒకటి పల్చగా ఉంటుంది. నమ్మాల్సింది మీ కళ్లని.

ఆ పరీక్ష ఇలా. ప్రైమర్ వేసిన ప్లాస్టిక్ చెంచా వెనక్కి తిప్పి, రంగుతో ఒక వరస గీయండి. ముఖం దగ్గరగా పెట్టి, దీపం వెలుగు దాని మీద ఏటవాలుగా పడేలా తిప్పి చూడండి. బ్రష్ వెళ్లిన వెంటనే సన్నటి చాళ్లు కనపడతాయి. నాలుగైదు సెకన్లలో అవి మసకబారి, కలిసిపోయి, పైన వెలుగు ఒకే పట్టీగా మెరిస్తే రంగు కుదిరింది. చాళ్లు అలాగే నిలబడిపోతే చిక్కగా ఉంది, ఇంకో చుక్క కలపండి. రంగు మధ్యలోంచి తొలిగిపోయి అంచుల్లో గీతగా చేరితే మరీ నీళ్లయింది, రంగు ఇంకాస్త వేయండి. నోటిమాటగా చెప్పాలంటే పాలలా ఉండాలి. నీళ్లలా ఉండకూడదు.

నీళ్లు ఒక్కటే ఎక్కువగా పోస్తే రంగు పట్టు పోతుంది, పైగా బొట్లు కడుతుంది. ఫ్లో ఇంప్రూవర్ ఒక చుక్క కలిపితే పరుచుకోవడం మెరుగవుతుంది. రిటార్డర్ ఆరే వేగాన్ని తగ్గిస్తుంది, పది చుక్కల రంగుకి ఒక చుక్క చాలు. ఎక్కువైతే రోజులు గడిచినా వేలికి జిగురు తగులుతూనే ఉంటుంది.

ఎండ మండే రోజున రంగు పలక మీదే ఆరిపోతుంది. ఫ్యాన్ ఆపేయండి. నీళ్ల అక్రిలిక్‌లకి తడి పలక మంచి ఉపాయం: మూత ఉన్న డబ్బాలో తడిపిన స్పాంజి, దాని మీద బేకింగ్ పేపర్, ఆ కాగితం మీద రంగు. కింది నుంచి తేమ అందుతూ ఉంటుంది కాబట్టి గంటల తరబడి తడిగానే ఉంటుంది. రంగు నెమ్మదిగా ఇంకా పల్చబడుతుంది, అది గమనించుకోవాలి. తమియా, ఎనామెల్‌లకి ఇది పనికిరాదు.

ఇక కోటు వేయడం

పైన చెప్పిన స్పిట్‌ఫైర్ రెక్కనే ముందు పెట్టుకుందాం. మొత్తం రెక్కని ఒకేసారి వేయాలని లేదు. ప్యానెల్ లైన్లు (రేకులు కలిసే చోటి సన్నటి గాళ్లు), ఎయిలరాన్ (రెక్క వెనక అంచున కదిలే పలక) అంచు, రెక్క బాడీని కలిసే చోటు, ఇవన్నీ సహజమైన సరిహద్దులు. ఒక్కో గడి పూర్తి చేసి ఆపితే అతుకు ఆ గీతలో కలిసిపోతుంది. తడి అంచు ఆరేలోపు పూర్తి చేయగలిగినంత జాగానే ఒకసారికి పట్టుకోండి.

బ్రష్‌ని వెంట్రుకల సగం దాకానే ముంచండి. ఒకవైపు పలక అంచుకి ఒత్తి, ఎక్కువైనది వదిలించండి. మరీ పొడిగా కాదు. రెక్క అంచు మీద కాకుండా కొంచెం లోపల ఆనించి అక్కడి నుంచి అంచు వైపు లాగండి. అంచు దగ్గరే మొదలుపెడితే బ్రష్ పిండినట్టయి రంగు అటువైపు కారిపోతుంది. బ్రష్ పడుకున్నట్టు ఏటవాలుగా, వెంట్రుకల కొసలు మాత్రమే తగిలేలా పట్టుకోండి. వెంట్రుకలు వంగి పొట్ట తగులుతోందంటే మీరు నొక్కుతున్నారని అర్థం. నొక్కిన చోట గీత లోతుగా పడుతుంది.

పక్క వరస, ముందు వరస తడి అంచు మీద ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కాలి. మూడోదీ అంతే. ఆ గడి నిండగానే, బ్రష్‌కి కొత్తగా రంగు అద్దకుండా, ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఆగకుండా, ఈక తగిలినంత తేలిగ్గా ఒక్కో వరస ఒక్కసారి లాగండి. అన్నీ ఒకే దిక్కున. ఇది ఇరవై ముప్పై సెకన్లలో అయిపోవాలి. ప్యానెల్ లైన్లో గానీ మూలలో గానీ రంగు నిలిచి ఉంటే, టిష్యూకి అద్దిన బ్రష్ కొస తగిలించండి, అది పీల్చేసుకుంటుంది.

తర్వాత బ్రష్ కింద పెట్టేయండి. చేతిలో ఉంచుకుంటే చెయ్యి ఊరుకోదు. నేను పల్చటి చోటు కనపడగానే లేచి వెళ్లి బ్రష్ కడుక్కొస్తాను, తిరిగొచ్చేసరికి ముట్టుకునే వీలుండదు. మోడల్ మీద దుమ్ము పడకుండా ఒక ప్లాస్టిక్ డబ్బా బోర్లించండి.

ఏ దిక్కున వేయాలి? రెక్కల మీద గాలి వెళ్లే దిక్కున, అంటే ముందు అంచు నుంచి వెనక అంచుకి. ఒకవేళ సన్నటి గీతలు మిగిలినా, గాలికీ వానకీ రంగు వెలిసిన చారల్లా కనపడతాయి. రెండో కోటు అడ్డంగా వేయండి, మొదటి కోటు చాళ్లని అది నింపుతుంది. చివరి కోటు మళ్లీ గాలి దిక్కునే. ట్యాంకు నిలువు పలకల మీదైతే చివరి కోటు పైనుంచి కిందికి, వాన నీళ్లు జారే దిక్కున.

మొదటి కోటు చూసి బెంగపడకండి

మొదటి కోటు అయ్యాక మోడల్ అసహ్యంగా ఉంటుంది. మరకలు మరకలుగా, కింద ప్రైమర్ సగం కనపడుతూ. అది అలాగే ఉండాలి. మొదటి కోటుకే రంగు నిండుగా కనపడిందంటే మందంగా వేశారని అర్థం.

ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు. ఒక విమానం పొట్టకి లేత నీలం వేస్తూ, మరకలు పోవడం లేదని ఒకే సాయంత్రం నాలుగుసార్లు వేశాను, ఒకటి ఆరకముందే ఇంకొకటి. పైకి నిండుగానే వచ్చింది. మర్నాడు వెలుగులో చూస్తే ప్యానెల్ లైన్లు పూడిపోయాయి, రివెట్లు మాయమయ్యాయి, పొట్ట మధ్యలో వేలిముద్ర దిగిపోయి ఉంది. పైన గట్టిపడి లోపల మెత్తగా ఉండిపోయిందన్నమాట. మొత్తం ఊడదీయడానికి రెండు రోజులు పట్టింది.

మెరుపు పోయినంత మాత్రాన రంగు ఆరినట్టు కాదు. వేళ్ల వెనక భాగం దగ్గరగా ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా తేమ వెళ్తోంది. వాసన వస్తుంటే ద్రావకం ఇంకా లోపలే ఉంది. మామూలు వాతావరణంలో వయేహో లాంటివాటికి అరగంట నుంచి గంట ఇవ్వండి, తమియాకి ఒక రాత్రి, ఎనామెల్‌కి ఒక పూర్తి రోజు. హెయిర్ డ్రయర్ పెట్టి తొందరపెడితే పై పొర ముందు గట్టిపడుతుంది, నా నీలం పొట్ట కథే మళ్లీ.

రెండో కోటుకి మరకలు సగం తగ్గుతాయి. మూడో కోటుకి చాలా రంగులు నిండుతాయి. ముదురు ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగులు ఒక్కోసారి రెండింటికే సరిపెట్టేస్తాయి. పసుపు, తెలుపు, ఎరుపు, నారింజ అలా కాదు, వాటికి ఐదారు పట్టవచ్చు. అడుగున సాయం చేస్తే తగ్గుతాయి: ఎరుపు కింద గులాబీ, పసుపు కింద మీగడ రంగు, తెలుపు కింద చాలా లేత బూడిద. అసలు తెలుపు అంతటా వేయకుండా లేత బూడిద కలిసిన తెలుపుతో ఆపేస్తే స్కేలు మోడల్ మీద ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం.

ప్రతి కోటుకీ ముందు వెలుగుని ఏటవాలుగా పడనిచ్చి చూడండి. దుమ్ము రవ్వో, వెంట్రుకో, చిన్న గట్టో ఉంటే 2000 నంబరు వాటర్ పేపర్ తడిపి రెండుసార్లు మెల్లగా తిప్పి, తడి గుడ్డతో తుడవండి. అక్రిలిక్‌ని ఇలా రుద్దాలంటే కనీసం ఒక రోజు ఆరి ఉండాలి. లేకపోతే అరగడం మాని, పెన్సిల్ చెరిపే రబ్బరు పొట్టులా ఉండలు కడుతుంది.

లోహపు రంగుల్లో సన్నటి రేకు పొడి ఉంటుంది. బ్రష్ ఎటు వెళ్తే ఆ రేకులు అటు తిరుగుతాయి, అందుకే చారలు అంత కొట్టొచ్చినట్టు కనపడతాయి. వీటికి అడ్డదిడ్డం కోట్లు వద్దు, అన్నీ ఒకే దిక్కున, నల్లటి నున్నటి అడుగు మీద.

రెండు రంగులు కలిసే చోట

కామఫ్లాజ్ (శత్రువు కంటపడకుండా వేసే రంగుల మచ్చలు) వేసేటప్పుడు లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత. హద్దుని పెన్సిల్‌తో సన్నగా గీసుకోండి. ముదురు రంగుని ఆ గీత పొడవునా నింపిన బ్రష్‌తో లాగితే అక్కడ గట్టు కడుతుంది. దానికి బదులు, గీత దగ్గర తక్కువ రంగున్న బ్రష్ ఆనించి లోపలి వైపుకి లాగండి. గట్టంటూ ఏర్పడితే లోపల ఏర్పడి తర్వాతి కోటులో కలిసిపోతుంది.

తిన్నటి హద్దుకి మాస్కింగ్ టేప్ వాడితే, దాని అంచుని గోరుతో నొక్కి, ముందుగా కింద ఉన్న రంగునే అంచు వెంట ఒక పల్చటి పూత వేయండి. టేప్ కిందికి పాకేదేదైనా ఉంటే ఆ రంగే పాకి దారి మూసేస్తుంది. తర్వాత కొత్త రంగుని టేప్ మీద నుంచి బయటికి లాగాలి. బయటి నుంచి టేప్‌కి ఎదురు వేస్తే అంచున పోగవుతుంది. చివరి కోటు పూర్తిగా గట్టిపడకముందే టేప్‌ని దాని మీదకే మడుస్తూ మెల్లగా తీసేయండి.

చెడిపోతే

తడిగా ఉన్నప్పుడు జరిగిన తప్పుని తడిగా ఉన్నప్పుడే సరిచేయబోవద్దు. కారిన చుక్కైనా, ముడతైనా, వేలిముద్రైనా అలాగే వదిలేసి రెండు రోజులు ఆగండి. గట్టిపడ్డాక 1500తో గట్టుని దించి, 2000తో నున్నన చేసి, ఆ ఒక్క గడికే మళ్లీ పల్చటి కోట్లు వేయవచ్చు. అలా సరిచేసిన చోటు తర్వాత నాకే గుర్తుండదు.

మొత్తం తీసేయాల్సి వస్తే అక్రిలిక్‌లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పనిచేస్తుంది. అందులో కాసేపు నాననిచ్చి టూత్‌బ్రష్‌తో రుద్దండి. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, కిట్‌ల ప్లాస్టిక్‌ని (పాలీస్టైరీన్) అది కరిగించేస్తుంది.

వార్నిష్, డెకాల్స్

మ్యాట్ రంగు పైన చూడటానికి నునుపుగా ఉన్నా, దగ్గరగా చూస్తే గరుకే. దాని మీద డెకాల్ (గుర్తులూ అంకెలూ ఉన్న పల్చటి స్టిక్కర్) అంటిస్తే ఆ గుంటల్లో గాలి చిక్కుకుని, అంచుల్లో వెండి పొరలా తెల్లగా మెరుస్తుంది. అందుకే రంగు పూర్తిగా ఆరాక ముందు మెరుపు వార్నిష్ ఒకటి రెండు పల్చటి కోట్లు, దాని మీద డెకాల్స్, అవి రాత్రంతా ఆరాక మ్యాట్ వార్నిష్. చివరి మ్యాట్ కోటు ఇంకో మేలు కూడా చేస్తుంది. ఒకచోట మెరుస్తూ ఒకచోట మాసినట్టున్న రంగంతా ఒకే తీరుకి వస్తుంది. మనం బ్రష్ చారలు అనుకున్నవాటిలో కొన్ని ఈ మెరుపు తేడాలే, అవి అప్పుడు మాయమవుతాయి.

మ్యాట్ వార్నిష్ సీసాలో మెరుపు చంపే పొడి అడుగున పేరుకుంటుంది, బాగా కలపాలి. సరిగ్గా కలపకపోయినా, మందంగా వేసినా, గుంటల్లో నిలిచినా మంచు పట్టినట్టు తెల్లబారుతుంది. వేసే పద్ధతి రంగుదే: పెద్ద బ్రష్, పల్చటి కోటు, ఒక్కసారే. వార్నిష్ పారదర్శకంగా ఉంటుంది కాబట్టి ఎక్కడ వేశామో కనపడక మళ్లీ వెనక్కి వెళ్లాలనిపిస్తుంది. దీపాన్ని పక్కకి జరిపి, తడి మెరుపుని చూస్తూ ముందుకి వెళ్లండి.

ఎనామెల్ మీద లక్కర్ స్ప్రే వార్నిష్ కొట్టేముందు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. లక్కర్ ఘాటుకి కింది ఎనామెల్ ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. లక్కర్ కింద, ఎనామెల్ పైన అయితే ఇబ్బంది లేదు. తిప్పి వేయాల్సి వస్తే అదే ఎనామెల్ వేసి ఆరిన చెంచా మీద ముందు కొట్టి చూసుకోండి.

బ్రష్‌ని చివర్లో నీళ్లతో గానీ థిన్నర్‌తో గానీ కడిగాక సబ్బు ముక్క మీద తిప్పి, అరచేతిలో నురగ రానివ్వండి. నురగలో రంగు కనపడకుండా పోయేదాకా. వేళ్లతో అంచు సమంగా దిద్ది, పడుకోబెట్టి ఆరనివ్వండి. అంచు చెడని బ్రష్ ఒక్కటి ఉంటే తర్వాతి రెక్క దానితోనే మొదలుపెట్టవచ్చు.